సీలింగు స్పీకర్లు, మా మామ చెవులు

మా మేనమామది నస్పూర్. చుట్టూ బొగ్గు బావులు. ఆయన మాత్రం బావిలోకి దిగలేదు, మైకు సెట్టు పెట్టుకున్నాడు. పెళ్లయినా, బోనాలైనా, గణపతి పందిరైనా ఆ వాడలో మామ హారన్లు మోగాల్సిందే. వెదురు బొంగులకు హారన్లు కట్టి, ఆంప్లిఫయర్ ముందు కుర్చీ వేసుకుని దర్జాగా కూర్చునేవాడు. రాత్రి షిఫ్టు దిగి వచ్చి పడుకున్న కార్మికులు కళ్లు నులుముకుంటూ వచ్చేవాళ్లు.

"జర తగ్గించరాదు అన్నా, నిద్ర పడ్తలేదు."

మామ గుండీ మీద చెయ్యి వేసి తిప్పినట్టు చేసేవాడు. వాళ్లు నమ్మి వెళ్లిపోయేవాళ్లు. పాట అలాగే మోగుతుండేది.

పెద్ద పెద్ద డీజే డబ్బాలు వచ్చాక మైకు సెట్టును పిలిచేవాళ్లు తగ్గిపోయారు. ఆ కాలంలోనే నేను కరీంనగర్‌లో పాలిటెక్నిక్ ముగించి, ఒక కంప్యూటర్ షాపులో నెట్‌వర్క్ పని నేర్చుకుని, పెళ్లయ్యాక సొంతంగా కెమెరాలు బిగించడం, ఆఫీసులకు వైరింగు చెయ్యడం మొదలుపెట్టాను. పని దొరికేది. పనికి మనుషులే నిలిచేవాళ్లు కాదు. ఇంట్లో ఖాళీగా కూర్చుని అత్తతో రోజూ లొల్లి పెట్టుకుంటున్న మామ గుర్తొచ్చి ఫోన్ చేశాను.

"నేను మేనకోడలి కింద పని చేసుడా?" అన్నాడు.

"కింద కాదు మామా. నువ్వు నిచ్చెన మీద, నేను కింద."

అవతల నవ్వు వినిపించింది. మరుసటి రోజు పొద్దున మంచిర్యాల బస్సు దిగి, భుజాన పాత పనిముట్ల సంచితో మా ఇంటి ముందు నిలబడ్డాడు.

మామ చేతిలో పని శుభ్రంగా ఉంటుంది. వైరు వంకర పోనివ్వడు, గోడ మీద మరక పడనివ్వడు. అయితే ప్రతిదానికీ వాదన. ఇద్దరం కలిసి చాలా చోట్ల చేశాం: గ్రానైట్ ఆఫీసుల్లో, బట్టల షాపుల్లో, ఒకసారి ధర్మపురిలో ఒక సత్రంలో. కానీ స్పీకర్ల పని మొదట వచ్చింది కరీంనగర్‌లోని ఒక ప్రైవేటు దవాఖానలో. చెవి, ముక్కు, గొంతు చూసే దవాఖాన అది. నడిపేది ఒక డాక్టరమ్మ. వెయిటింగ్ హాలు ఎప్పుడూ కిటకిటలాడుతుంది. కౌంటర్‌లో కూర్చునే అమ్మాయి నంబర్లు అరిచి అరిచి మధ్యాహ్నానికే గొంతు పోగొట్టుకుని, అదే దవాఖానలో మందు వేయించుకునేదట. మెత్తగా, అందరికీ సమానంగా వినిపించేలా సీలింగులో స్పీకర్లు పెట్టించమని డాక్టరమ్మ నన్ను పిలిచింది.

కొత్తరకం స్పీకర్లు అవి. వాటికి వేరే కరెంటు వైరు అక్కర్లేదు, పక్కన ఆంప్లిఫయర్ అక్కర్లేదు. కంప్యూటరుకు ఇంటర్నెట్ తెచ్చే సన్నటి నెట్‌వర్క్ వైరు ఒక్కటి లాగితే చాలు, మాటా కరెంటూ రెండూ అందులోనే వస్తాయి. ఆ వైర్లన్నీ ఒక మూలనున్న ఇనుప పెట్టెలో నెట్‌వర్క్ స్విచ్ దగ్గర కలుస్తాయి. సంగతి విని మామ వైరు ముక్క ఒకటి తీసుకుని, పైతొడుగు గీరి, లోపలి రంగు రంగుల పోగులను వేళ్లతో విడదీశాడు.

"గీ దారాల మీద కరెంటు, మళ్ల గండ్లనే పాట?"

"అవు మామా."

"కరెంటూ పాటా ఒక్క తొవ్వల నడుస్తే గుద్దుకోవా?"

"గుద్దుకోవు. ఎవరి తొవ్వ వాళ్లకుంటది."

"సూద్దాం తీ" అన్నాడు. మామ నోట ఆ మాట వస్తే నమ్మలేదని అర్థం.

ఆదివారం ఓపీ ఉండదు కాబట్టి ఆ రోజే పని పెట్టుకున్నాం. హాలుకు జిప్సం బోర్డుతో ఫాల్స్ సీలింగు చేసి ఉంది. ఎక్కడెక్కడ స్పీకర్ రావాలో నేను కొలిచి పెన్సిల్‌తో గుండ్రంగా గీస్తే, మామ కళ్లకు అద్దాలు పెట్టుకుని, కింద ఒక పాత చీర పరిచి, చేతి రంపంతో కోయడం మొదలుపెట్టాడు. తెల్లటి పొడి పిండిలా రాలింది. మొదటి రంధ్రం తెగేసరికి ఆయన మీసాలు, కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు అన్నీ తెల్లబడ్డాయి. ఊడ్చడానికి వచ్చిన ఆయమ్మ చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఒక్క పొద్దుల ముసలోన్నయితనని ఎరుకుంటె ఇంటికాన్నే ఉండకపోదునా?" అన్నాడు మామ పై నుంచి.

స్పీకర్ వెనక బుడ్డి డబ్బాలాంటి మూత ఉంటుంది. అందులో వైరు కొస గుచ్చి, స్పీకర్‌ను రంధ్రంలోకి తోసి, ముందున్న మరలు బిగిస్తే లోపల చెవుల్లాంటి క్లాంపులు తిరిగి బోర్డును పట్టుకుంటాయి. అవి ఎప్పుడైనా వదిలినా మనుషుల నెత్తిన పడకుండా, వెనక నుంచి ఒక ఉక్కు తీగను పైనున్న అసలు స్లాబుకు కట్టాలి. ఆ తీగ విషయంలో మామకు చెప్పాల్సిన పనే లేదు. జాతరల్లో గాలి దుమారానికి హారన్లు ఊగడం చూసిన మనిషి. ప్రతి తీగనూ పట్టుకుని వేలాడబోయేంత గట్టిగా గుంజి చూశాడు.

సాయంత్రానికి ఒక్కటి తప్ప అన్ని స్పీకర్లూ పైకెక్కాయి. ఆ ఒక్కటి వినికిడి పరీక్ష గది ముందున్న నడవలోది. దాని వైరు పొట్టిపడడంతో కొత్తది లాగడం రేపటికి వాయిదా వేశాం. మిగతావి ఒకసారి మాట్లాడించి చూద్దామని కౌంటర్ అమ్మాయిని పిలిపించాను. ఆమె ఇల్లు దవాఖాన వెనకే. స్విచ్ మీద చిన్న చిన్న పచ్చ దీపాలు వెలిగాయి. నా ల్యాప్‌టాప్‌లో స్పీకర్లన్నీ వరసగా కనబడ్డాయి. ఆ అమ్మాయి మైకు ముందు కూర్చుని, కొంచెం సిగ్గుపడి, "పన్నెండో నంబర్ వాళ్లు డాక్టర్ గారి గదికి రావాలి" అంది.

సన్నటి గొంతు, హాలంతా మంచు కురిసినట్టు మెత్తగా పరుచుకుంది. నాకు ఒళ్లు పులకరించింది. కొత్త పని మొదటిసారి కుదిరినప్పుడు కలిగే ఆనందం అది.

మామ నిచ్చెన మీదే ఉన్నాడు. ఆయన తల, స్పీకర్ జాలీ దాదాపు పక్కపక్కనే ఉన్నాయి.

"రాలే" అన్నాడు.

"వచ్చింది కద మామా."

"ఏం వచ్చింది? మూల్గినట్టు వచ్చింది. మాట ఏది? జర పెంచు."

పెంచాను. ఆ అమ్మాయి మళ్లీ చెప్పింది. "ఇంకింత" అన్నాడు. ఇంకా పెంచాను. పై అంతస్తులో ఆపరేషన్ అయి పడుకున్నవాళ్ల బంధువు ఒకాయన మెట్ల మీదికి వచ్చి వంగి చూశాడు.

"ఏందమ్మా గిది, దవాఖాననా, బస్‌స్టాండా?"

క్షమించమని చెప్పి తగ్గించాను. స్పీకర్‌లోనే ఏదైనా లోపం ఉందేమోనని మామను దించి నేనెక్కాను. మాట స్ఫటికంలా ఉంది. మామను హాలు మధ్యలో నిలబెట్టి, సెల్‌ఫోన్ నుంచి స్పీకర్లలోకి ఒక డప్పు దరువు వేశాను. మామ వెంటనే కాలు ఊపాడు.

"అగో, గిప్పుడు వచ్చింది. ఇందాక నువ్వు ఏందో తప్పు గుచ్చినవ్."

నేనేమీ మార్చలేదు. మైకును నా వైపు తిప్పుకుని, మామ వీపు నా వైపు ఉండగా, మామూలు గొంతుతో అన్నాను.

"మామా, చాయ్ తాగుదాం దా."

మామ పనిముట్లు సర్దుకుంటూ ఉండిపోయాడు. ఆయమ్మ తిరిగి చూసింది, కౌంటర్ అమ్మాయి తిరిగి చూసింది. చాయ్ అంటే నిద్రలోంచి లేచే మనిషి, తల మీదున్న స్పీకర్ పిలుస్తున్నా తలెత్తలేదు.

ఆ అమ్మాయి నా ముఖం చూసింది. నేను ల్యాప్‌టాప్ మూసేశాను.

ఇంటికి వెళ్తుంటే ఒక్కొక్కటీ అర్థమవుతూ వచ్చింది. మామ ఎప్పుడూ ఫోన్ లౌడ్‌స్పీకర్‌లోనే పెట్టి మాట్లాడతాడు. హోటల్లో నా ఎదురుగానే కూర్చుంటాడు, పక్కన కూర్చోడు. మాట్లాడేవాళ్ల కళ్లలోకి కాక పెదవుల మీదికి చూస్తాడు. నేను చెప్పింది ఒకటైతే వాదించేది ఇంకొకటి. ఇన్నాళ్లూ అదంతా మామ తీరు అనుకున్నాను. ఇంటికొచ్చాక డాబా మీదికి వెళ్లి అత్తకు ఫోన్ చేశాను.

"అత్తా, మామకు ఇనవడ్తలేదా?"

"ఇనవడ్తలేదా?" అంది అత్త నెమ్మదిగా. "నేను చెప్తే ఇనడు అనుకున్ననే బిడ్డా. మొగోల్లు గట్లనే ఉంటరనుకున్న."

మరుసటి రోజు ఉదయం ఓపీ మొదలవకముందే మిగిలిన స్పీకర్ పెట్టడానికి వెళ్లాం. మామతో ఎలా చెప్పాలో తెలియక నేను రాత్రంతా మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ అవసరం రాలేదు. వినికిడి పరీక్ష గది తలుపు తెరిచి ఉంది. లోపల ఇంకో చిన్న గది, మందపాటి తలుపు, గోడలనిండా మెత్తటి నురుగు పలకలు. మామ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏందే గిది?"

"బయటి సప్పుడు లోపటికి రాకుంట కట్టిన రూమ్ మామా. గండ్ల కూసోపెట్టి చెవులు పరీక్ష చేస్తరు."

"గోడలకు గిట్ల కొడితే సప్పుడు నిజంగనే రాదా? పోయి సూడొచ్చా?"

డాక్టరమ్మ అప్పుడే వచ్చింది. ముందురోజు సంగతి కౌంటర్ అమ్మాయి చెప్పిందో, నా ముఖమే చెప్పిందో గానీ, ఆమె నవ్వి, "చూడండి, కూర్చోండి కూడా. మీరు సౌండ్ మనిషి కదా, మా మిషన్ ఎట్లుందో చెప్పాలి" అంది.

మామ లోపలికి వెళ్లి రాజులా కూర్చున్నాడు. పరీక్ష చేసే ఆమె ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి బటన్ ఇచ్చి, శబ్దం వినబడినప్పుడల్లా నొక్కమంది. గాజు కిటికీలోంచి నేను చూస్తున్నాను. మొదట గబగబా నొక్కాడు. తర్వాత నొక్కడం తగ్గింది. తర్వాత బటన్ మీద బొటనవేలు సిద్ధంగా పెట్టుకుని, కళ్లు మూసుకుని, భజనలో కూర్చున్నవాడిలా ఎదురుచూశాడు. ఆమె మిషన్ మీద గుండీలు తిప్పుతూనే ఉంది. మామ వేలు కదలలేదు.

బయటికి వచ్చి, "మేడమ్, మీ మిషన్ జర ఖరాబున్నది" అన్నాడు గంభీరంగా. "మధ్యల చానాసేపు సౌండే రాలే."

డాక్టరమ్మ ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయనకు తన పెదవులు కనబడేలా ముఖం ఎత్తి నిదానంగా మాట్లాడింది. పెద్ద శబ్దాల పక్కన ఏళ్ల తరబడి ఉండేవాళ్లకు ముందు సన్నటి శబ్దాలు పోతాయని, డప్పు వినబడుతుంది గానీ ఆడవాళ్ల మాట, పిల్లల మాట మసకబారుతాయని, పోయింది తిరిగి రాదు గానీ చెవి మిషన్ పెట్టుకుంటే మాట అందుతుందని చెప్పింది.

మామ అంతా విన్నాడు. విన్నాడో, చదివాడో. లేచి, సంచి భుజాన వేసుకుని, నాకు ఒక్క మాటా చెప్పకుండా గేటు దాటిపోయాడు. నేను వెనక పరుగెత్తేసరికి ఆటో ఎక్కేశాడు. మంచిర్యాల బస్సు ఎక్కాడని సాయంత్రం అత్త చెప్తే తెలిసింది.

నడవలోని స్పీకర్‌ను నేనే నిచ్చెన ఎక్కి పెట్టాను. ఉక్కు తీగ కడుతుంటే కళ్లలో పొడి పడిందని ఆయమ్మకు చెప్పుకోవాల్సి వచ్చింది.

కొన్ని రోజులు మామ ఫోన్ ఎత్తలేదు. నేనూ మొండిగా చెయ్యడం మానేశాను. ఒక పొద్దున పని మీద ఆ దవాఖానకే వెళ్తే, హాల్లో చివరి వరుసలో మామ కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో టోకెన్. సరిగ్గా స్పీకర్ కింద కూర్చున్నాడు గానీ పైకి చూడడం లేదు. నంబరు పిలిచినప్పుడల్లా చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు చూస్తున్నాడు. ఎవరు లేస్తారు, ఎవరు లేవరు అని.

పక్కన కూర్చున్నాను. కాదు, లేచి ఎదురుగా వచ్చి కూర్చున్నాను.

"చెప్పకుంట వచ్చినవేంది మామా?"

ఆయన టోకెన్ మడతపెట్టాడు, విప్పాడు.

"నాకు ఎరుకే" అన్నాడు. "చానా దినాలాయె. మైకోనికి చెవులు పోయినయంటె ఎవ్వడు పిలుస్తడే? అందుకే ఎవ్వలకు చెప్పలే. అటెన్క మైకే పోయింది. చెప్పకపోవుడు మాత్రం అలవాటయింది."

"మరి ఇప్పుడు ఎందుకొచ్చినవ్?"

"మీ అత్త ఏడ్సిందే. ఇన్నేండ్లు ఇనడని తిట్టిన, ఇనవడదని నాకు తెల్వకపాయె అని ఏడ్సింది. గా ఏడుపు సుత నాకు సప్పుడు రాలే. కండ్లతోనే సూసిన." చొక్కా అంచుతో ముక్కు తుడుచుకున్నాడు. "గందుకే వచ్చిన. జర నా నంబర్ అస్తే చెప్పు."

నంబర్ వచ్చినప్పుడు చెప్పాను. లోపలికి ఇద్దరం వెళ్లాం.

చెవి మిషన్లు చిక్కుడు గింజంత ఉన్నాయి. పరీక్ష చేసే ఆమె వాటిని కంప్యూటర్‌కు కలిపి, ఆయన చెవులకు తగ్గట్టు సరిచేసి, చెవుల వెనక తగిలించింది. మామ ఒక్కసారి ఉలిక్కిపడి, ఫ్యాను వైపు చూశాడు.

"గిదేంది, గింత లొల్లి చేస్తది?"

తర్వాత తన చెప్పు నేలకు రాసి చూశాడు. తాళాల గుత్తి ఊపి చూశాడు. గదంతా చిన్న పిల్లవాడిలా తిరిగాడు. నన్ను మాట్లాడమన్నాడు. ఏం మాట్లాడాలో తోచక, "మామా, ఆకలైతుందా?" అన్నాను.

ఆయన నన్ను తేరిపార చూశాడు. "నీ గొంతు గింత సన్నగుంటదా? అచ్చం మా అక్క గొంతు."

మా అమ్మ గొంతు ఆయన విని ఎంతకాలమైందో నేను అడగలేదు. బయటికి వచ్చి ఇరానీ హోటల్లో చాయ్ తాగాం. మామ ఆ రోజు నా పక్కన కూర్చున్నాడు. చెంచా గ్లాసుకు తగిలినప్పుడల్లా ముఖం చిట్లించి నవ్వాడు.

అలవాటు పడడానికి ఆయనకు కొంతకాలం పట్టింది. మొదటి వారం కోపంతో మిషన్లు తీసి బియ్యం డబ్బాలో పడేశాడని అత్త ఫిర్యాదు చేసింది. తర్వాత వాటి గురించి నాకంటే ఎక్కువ మాట్లాడడం మొదలుపెట్టాడు. చెవిలో చిన్న మైకు, చిన్న ఆంప్లిఫయర్, చిన్న స్పీకర్, మొత్తం సెట్టు గింజంతలో పెట్టిన మొనగాడెవడో చూడాలని ఉందనేవాడు. వాడలో ఎవరు చెవుల మీద చెయ్యి ఆనించినా పట్టుకుని కరీంనగర్ దవాఖాన పేరు చెప్పేవాడు. పాత మైకు సెట్ల వాళ్లలో ఒకరిద్దరిని తానే బస్సెక్కించి తీసుకొచ్చాడు కూడా.

చలికాలంలో ఆదిలాబాద్ నుంచి ఒక పని వచ్చింది. ఉద్యోగ పరీక్షలకు చదువుకునేవాళ్ల కోసం ఒకాయన పెద్ద స్టడీ హాలు కట్టించాడు. గంట కొట్టినప్పుడు, ఎవరికైనా ఇంటి నుంచి ఫోన్ వచ్చినప్పుడు చెప్పడానికి సీలింగులో స్పీకర్లు కావాలన్నాడు. ఇద్దరం వెళ్లాం. ఆదిలాబాద్ చలి సంగతి అందరికీ తెలుసు. మామ తలకు మఫ్లర్ చుట్టుకుని, మఫ్లర్ కింద మిషన్లు కీచుమంటున్నాయని విప్పుకుని, చలి పుట్టి మళ్లీ చుట్టుకుని, పొద్దంతా అదే పని.

స్పీకర్లన్నీ బిగించాక, ఎంత శబ్దం ఉండాలో తేల్చడం మిగిలింది. మామ నాకు చెప్పకుండానే ఒక్కో వరుసలో ఒక్కో కుర్చీలో కూర్చుంటూ పోయాడు. కూర్చుని, పుస్తకం చదువుతున్నట్టు తల వంచి, నన్ను మాట్లాడమని చెయ్యి ఊపేవాడు. విని, లేచి, పక్క కుర్చీ. ఒక చోట లేవకుండా ఉండిపోయాడు. అంతలో స్వెట్టర్ వేసుకున్న ఒక అమ్మాయి, పుస్తకాల బరువుతో వచ్చి ఆయన ముందు నిలబడింది.

"తాతా, ఇది నా సీటు."

"ఏం సదువుతున్నవ్ బిడ్డా?"

"గ్రూప్స్."

"గీ సీటుల సౌండ్ మంచిగొస్తుంది. నౌకరి ఖాయం" అని లేచి ఇచ్చాడు. ఆ అమ్మాయి నవ్వాలో వద్దో తెలియక చుట్టూ చూసి, చివరకు నవ్వేసింది. హాలు యజమాని, సగం తెలుగు సగం మరాఠీ కలిపి మాట్లాడే పెద్దమనిషి, మాకు జొన్నరొట్టె, శనగపిండి పిట్ల పెట్టించి పంపించాడు.

తిరుగు ప్రయాణంలో మంచిర్యాల బస్సు ఎక్కాం. మా వెనక సీట్లో ఒకాయన ఎవరికో ఫోన్ చేసి, తన బర్రె ఎలా తప్పిపోయిందో, ఎలా దొరికిందో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. అది అయ్యాక ఇంకొకరికి ఫోన్ చేసి మళ్లీ మొదటి నుంచి. మామ కొంచెంసేపు విన్నాడు. తర్వాత నెమ్మదిగా రెండు చెవుల నుంచి మిషన్లు తీసి, చిన్న డబ్బీలో పెట్టి, డబ్బీని జేబులో వేసుకున్నాడు.

"ఏమైంది మామా?" అన్నాను ఆయనకు కనబడేలా ముఖం తిప్పి.

"నిద్ర పోత" అన్నాడు తృప్తిగా, మఫ్లర్ బిగించుకుంటూ. "గీ సౌలత్ నీకు లేదు, ఏం జేస్తం."

ఆసిఫాబాద్ దాటేసరికి మామ గురక పెడుతున్నాడు. వెనకాయన మూడో మనిషికి ఫోన్ కలిపాడు. ఆ బర్రె కథంతా మంచిర్యాల దాకా నేనొక్కదాన్నే విన్నాను.